తిమింగల సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ గ్రంథానికి కర్త మా తోడల్లుడు. నివాసం కాలిఫోర్నియాలో ఇర్వైన్. రచనాకాలం ఒక గురువారం రాత్రి, భోజనానంతరం. ప్రచురణ మా అత్తవారి కుటుంబ వాట్సాప్ గ్రూపు. గ్రంథ పరిమాణం ఐదు వాక్యాలు. చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. సూత్రాలన్నీ చిన్నవే, వాటి కింద భాష్యాలే బండెడు.

మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని నియమం పెట్టుకున్నవాడు మెదక్ సీమకు చెందిన కొలాచలం మల్లినాథసూరి. మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన మహానుభావుడు. ఆయనకేం, రాస్తాడు. అక్కడ యక్షుడు మేఘానికి దారంతా ముందే విప్పి చెప్పాడు. ఏ కొండ మీద దిగి అలసట తీర్చుకోవాలో, ఏ నదిలో నీళ్ళు తాగాలో, చుట్టుదారి అయినా సరే ఉజ్జయిని చూసే ఎందుకు పోవాలో, అన్నీ. పైగా మేఘానికి పెట్రోలు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. మా మూలకర్త దారి గురించి చెప్పింది 'జామ్మని' అన్న ఒక్క మాట. కాబట్టి ఈ వ్యాఖ్యలో మూలంలో లేనిదే ఎక్కువగా ఉంటుంది. సూరిగారు క్షమించాలి.

మూలం

"లాంగ్ వీకెండ్‌కి మెక్సికో పోదాం. కారులో జామ్మని పోవచ్చు, పెద్ద దూరమేం కాదు. తిండికి ఏదో ఒకటి దొరక్కపోదు. తిమింగలాలు పడవ దగ్గరికే వస్తాయట, చేత్తో తాకొచ్చట. ఎవరెవరు వస్తున్నారు?"

పాఠభేదాలు: 'తాకొచ్చట' అన్నచోట మొదట 'పట్టుకోవచ్చు' అని ఉండేదని, మెసేజీ కింద ఉన్న 'ఎడిటెడ్' అన్న ముద్రే అందుకు సాక్ష్యమని మా ఆవిడ వాదన. అక్కచెల్లెళ్ళ గ్రూపులోకి ఫార్వర్డ్ అయిన ప్రతిలో చివరి వాక్యం 'అందరం వస్తున్నాం' అని కనబడుతోంది. అది లేఖక దోషం కాదు, రాజకీయం. ఆఖర్న ఉన్న మూడు బొమ్మల్లో రెండు తిమింగలాలు, ఒకటి డాల్ఫిన్. డాల్ఫిన్‌ని ప్రక్షిప్తంగా ఎంచి తీసేశాం.

"లాంగ్ వీకెండ్‌కి మెక్సికో పోదాం"

టీక: లాంగ్ = దీర్ఘమగు; వీకెండ్‌కి = వారాంతమునందు; మెక్సికో = ఆ పేరుగల దేశమునకు; పోదాం = వెళ్ళుదము, అని భావము.

తాత్పర్యం: ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. శని, ఆదివారాలకు అది తోడై మూడు రోజుల సెలవు. ఆ మూడు రోజుల్లో పరదేశం వెళ్ళి, తిమింగలాన్ని పలకరించి, మంగళవారం పొద్దున్నే ఆఫీసు మీటింగులో కెమెరా ఆన్ చేసి కూర్చోవాలని కర్త ఉత్సాహం.

విశేషాలు: ఋతువు విషయంలో కర్తను తప్పు పట్టడానికి లేదు. ఇక్కడ చెప్పే తిమింగలం గ్రే వేల్ అనే బూడిదరంగు జాతి. ఎండాకాలమంతా అలాస్కా పైన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేసి, చలికాలానికి కాలిఫోర్నియా తీరం వెంబడే దిగి మెక్సికో పడమటి ఒడ్డున ఉన్న ఉప్పునీటి లగూన్లకు చేరుతుంది. పోనూ రానూ పదహారు వేల నుంచి ఇరవై వేల కిలోమీటర్లు. లగూన్లో నీళ్ళు లోతు తక్కువ, వెచ్చన, కిల్లర్ వేల్ బెడద తక్కువ. పిల్లల్ని కని పాలు తాగించడానికి అంతకన్నా మంచి పుట్టిల్లు ఆ తీరంలో లేదు. చూసేందుకు పడవలు డిసెంబరు నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా తిరుగుతాయి. ఫిబ్రవరిలో లగూన్లో సందడి ఎక్కువ. మగవీ, పిల్లల్లేని ఆడవీ ముందు ఉత్తరానికి తిరుగుముఖం పడతాయి, బాలింతలు ఆఖర్న కదులుతాయి. మార్చి వచ్చేసరికి పిల్లలు కాస్త బలిసి, తల్లులకు భయం తగ్గి, పడవల దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చి చూపించడం మొదలెడతాయి. కాబట్టి ఫిబ్రవరి మంచిదే, మార్చి ఇంకా మంచిది. వచ్చిన చిక్కల్లా 'లాంగ్' దగ్గరే. ఎంత లాంగ్ అన్నది రెండో సూత్రం కింద తేలుతుంది.

ఇక 'మెక్సికో'. కర్త ఉద్దేశించింది కాలిఫోర్నియా కింద సన్నగా వేలాడే బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పాన్ని. తిమింగలాలు చేరే చోట్లు అందులో ముఖ్యంగా మూడు. గెర్రెరో నెగ్రో ఊరి పక్కన ఓహో దె లియెబ్రె, ఇంకా దక్షిణాన సాన్ ఇగ్నాసియో, బాగా కిందికి పోతే మగ్దలేనా అఖాతం. మొదటిదాంట్లో తిమింగలాలు ఎక్కువ, ఊరు దగ్గర, హోటళ్ళున్నాయి. మూడోదానికి కారులో పోవాలంటే ఉద్యోగం మానుకోవాలి. తాకడం అన్న కోరికకు పేరు పడ్డది రెండోది. ఈ వ్యాఖ్యాత సాన్ ఇగ్నాసియో పక్షం.

'పోదాం' అనేది ఉత్తమపురుష బహువచనం. కర్త కూడా అందులో చేరాలి. చేరతాడా అన్నది ఇక్కడ సందేహం. అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా గడువు తీరకుండా ఉంటే భారతీయుడికి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా అక్కర్లేదు. రాజమండ్రి నుంచి మనవల్ని చూడ్డానికి వచ్చిన మా మామగారి పాస్‌పోర్టులో పదేళ్ళ విజిటర్ వీసా నిక్షేపంలా ఉంది. ఆయన రేపే పోవచ్చు. మా తోడల్లుడు ఎచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఏళ్ళ తరబడి ఇక్కడే పాతుకుపోయినవాడు. పర్మిషన్ కాగితం పొడిగిస్తూ వచ్చారు గానీ పాస్‌పోర్టులో స్టాంపు గడువు ఎప్పుడో తీరింది. తిరిగి రావడానికి అమెరికా వైపు ఒక వెసులుబాటు ఉంది. మెక్సికోకో కెనడాకో ముప్పై రోజుల లోపు వెళ్ళొచ్చేవాళ్ళని, అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 కాగితం గడువు మిగిలి ఉంటే, స్టాంపు ముగిసినా రానిస్తారు. అయితే ముందు అటు వెళ్ళాలి కదా. గడువు తీరిన స్టాంపు మెక్సికో దగ్గర చెల్లదు. వాళ్ళ కాన్సులేటుకి వెళ్ళి వీసా తెచ్చుకోవాల్సిందే. అంటే 'పోదాం' అన్నవాడు తప్ప తక్కినవాళ్ళంతా పోగలరు. ఇటువంటి క్రియాపదానికి వ్యాకరణంలో ఏం పేరుందో పండితులు చెప్పాలి.

వీసా అక్కర్లేకపోయినా కాగితం అక్కరే. సరిహద్దు దాటిన వెంటనే కారు పక్కకి ఆపి, మెక్సికో ఇమిగ్రేషన్ ఆఫీసులోకి నడిచి వెళ్ళి, సందర్శకుల ఫారం రాయించుకుని ముద్ర వేయించుకోవాలి. ఆపమని ఎవరూ అనరు. చెయ్యి ఊపి పంపించేస్తారు. అనలేదు కదా అని పోయేవాళ్ళే ఎక్కువ. దారిలో ఎక్కడో తనిఖీలో అడిగినప్పుడు తెలుస్తుంది.

"కారులో జామ్మని పోవచ్చు, పెద్ద దూరమేం కాదు"

టీక: జామ్మని = ధ్వన్యనుకరణ శబ్దం, అడ్డూ ఆపూ లేక అని అర్థం; పెద్ద = దీర్ఘమగు; దూరమేం = దూరమేమియు; కాదు = కానేరదు.

ఈ సూత్రంలో ఒక్క అక్షరమూ నిలవదు.

తిహువానా నుంచి సాన్ ఇగ్నాసియో ఊరికి సుమారు 860 కిలోమీటర్లు. ఊరి నుంచి లగూన్ ఒడ్డుకు మరో అరవై. ఇర్వైన్ నుంచి సరిహద్దు దాకా వచ్చేది దీనికి పైన. అమెరికా ఫ్రీవే మీద ఆ దూరం ఒక్క రోజులో కొట్టేస్తామని పూర్వపక్షం. కాని ఇది ఫ్రీవే కాదు. మెక్సికో ఒకటో నంబరు రహదారి. ద్వీపకల్పం పై కొస నుంచి కింది కొస దాకా పూర్తి తారు పడింది 1973లో. అంతకు ముందు అది దారి కాదు, సాహసం. ఇప్పటికీ చాలా భాగం అటొక లేను, ఇటొక లేను. తెల్ల గీత దాటితే పక్కన మట్టి అంచు కూడా ఉండదు, తారు అక్కడికక్కడే తెగి కిందికి జారిపోతుంది. ఎదురుగా ట్రక్కు వస్తే రెండు అద్దాలూ ఊపిరి బిగబట్టుకోవాలి.

కాబట్టి పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, నడుమ ఒక పగలన్నా నీటి మీద. మూడు రోజుల సెలవులో ఐదు రోజులు ఇరికించాలి. బుధవారం రాత్రి బయలుదేరి ఆదివారం తిరుగుదామని ఒక మధ్యేమార్గం ఆలోచించాం. మేనేజర్లు నిర్ణయించాలి.

రాత్రి డ్రైవింగ్ వద్దు. ఎందుకంటే ఆవులు. ఎడారిలో పగలు కాసిన ఎండకి తారు రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది, అది వాటికి పరుపు. మన హైవేల మీద గేదెల సంగతి తెలిసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. వాగులు దాటేచోట వంతెనలకు బదులు రోడ్డే కిందికి దిగి పైకి లేస్తుంది. ఆ పల్లంలో ఎదురు కారు కనబడదు. వాన కురిసిన రోజైతే నీళ్ళు కూడా కనబడవు. ఊళ్ళు మొదలయ్యే చోట తోపె అనే స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. మన ఊళ్ళలో వేసిన మేస్త్రీలే వేశారా అనిపించేంత ఎత్తు.

ముందు పోయే ట్రక్కు ఉన్నట్టుండి ఎడమ ఇండికేటర్ వేస్తే అది ఎడమకి తిరుగుతోందని అనుకోవడం సహజం. అక్కడ దానికి రెండో అర్థం ఉంది. 'ఎదురు ఖాళీగా ఉంది, నువ్వు దాటుకుని పో' అని వెనకవాడికి చేసే సాయం. అయితే నిజంగానే ఎడమకి తిరగబోతూ వేసేవాళ్ళూ ఉన్నారు. ఏది వాచ్యార్థమో ఏది వ్యంగ్యార్థమో ఆ క్షణంలో తేల్చుకోవాలి. ధ్వని సిద్ధాంతం ఇంత ప్రాణాంతకంగా ఇంకెక్కడా లేదు.

పెట్రోలు సంగతి. దారిలో ఎల్ రొసారియో ఊరు దాటాక గెర్రెరో నెగ్రో చుట్టుపక్కలకు చేరేదాకా, అంటే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు, నమ్ముకోదగ్గ బంకు లేదు. ఎల్ రొసారియోలో ట్యాంకు సగం ఉన్నా సరే నింపి తీరాలి. నింపనివాళ్ళ కోసం కాతావీన్యాలో రోడ్డు పక్కన డ్రమ్ములు పెట్టుకుని కూర్చునే మనుషులున్నారు. ఏనుగులంత బండరాళ్ళు, వాటి నడుమ స్తంభాల్లా నిలబడ్డ కార్దోన్ కాక్టస్, తలకిందులుగా నాటిన క్యారెట్‌లా పెరిగే సీరియో చెట్లు, ఆ మధ్య ఒక డ్రమ్ము, ఒక ప్లాస్టిక్ గొట్టం, ఒక గరాటు. ఆయన గొట్టం కొస నోట్లో పెట్టి ఒక్క గుక్క లాగి, ఉమ్మేసి, క్యాన్‌లోకి వదులుతాడు. ధర బంకు కన్నా ఎక్కువ. బేరమాడే స్థితిలో మనం ఉండం, ఆ సంగతి ఆయనకి తెలుసు. పెసోలు నోట్లుగా ఉండాలి. ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇక కార్డులెక్కడివి.

అమెరికాలో కట్టే కారు ఇన్సూరెన్సు మెక్సికో చట్టం ముందు చెల్లదు. అక్కడి కంపెనీ లయబిలిటీ పాలసీ, ఉండే రోజులకు సరిపడా, వేరే తీసుకోవాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేలేదాకా డ్రైవర్ని కూర్చోబెట్టే అవకాశం ఉంది. అద్దె కారైతే సరిహద్దు దాటించడానికి ఆ కంపెనీ అనుమతి ముందే కాగితం మీద ఉండాలి. ఒక్క ఊరట. మెక్సికోలో తక్కిన భాగానికి కావలసిన కారు పర్మిట్ ఈ ద్వీపకల్పానికి అక్కర్లేదు. దారిలో బండి ఆగిపోతే ఆంహెలెస్ వెర్దెస్, అంటే 'పచ్చ దేవదూతలు' అని ప్రభుత్వ పర్యాటక శాఖ వాళ్ళ ఆకుపచ్చ ట్రక్కులు తిరుగుతుంటాయి. సాయానికి డబ్బులు తీసుకోరు, విడిభాగాలకే ఖర్చు. నంబరు 078. ఫోన్ కలిస్తే.

మరో సూక్ష్మం. గెర్రెరో నెగ్రోకు కాస్త ముందు 28వ అక్షాంశం వస్తుంది. ఆకాశమంత జెండా ఒకటి కనబడుతుంది. అక్కడ రాష్ట్రం మారుతుంది, దానితో చలికాలంలో గడియారమూ ఒక గంట ముందుకు జరుగుతుంది. పొద్దున ఎనిమిదింటి పడవ బుక్ చేసుకుని ఏడింటికే చేరామని మురిసిపోయేవాళ్ళు ఒడ్డున నిలబడి, తమ పడవ వీపు చూస్తుంటారు. ఈ విషయం మూలకర్తకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. ఆయన ఎక్కడికైనా గంట ఆలస్యంగా వస్తాడు. ఇక్కడ రెండు గంటలవుతుంది.

'జామ్మని' శబ్దానికి ఆఖరి ప్రయోగం తిరుగు ప్రయాణంలో. తిహువానాలో అమెరికా గేటు ముందు వరస గంటల తరబడి సాగుతుంది. అక్కడ ఆ మాటలోంచి 'మని' రాలిపోయి మొదటి అక్షరాలే మిగులుతాయి.

"తిండికి ఏదో ఒకటి దొరక్కపోదు"

దొరుకుతుంది. ఆ తీరంలో చేప టాకోలు అమృతం, మాంసాహారులకు ఇక్కడ వ్యాఖ్య అనవసరం. శాకాహారులు మాత్రం 'ఏదో ఒకటి' అన్న అనిశ్చయార్థకాన్ని నమ్ముకుని బయలుదేరకూడదు. చిక్కుడు గింజల ముద్ద, ఫ్రిహోలెస్, చూడ్డానికి మన ముద్దపప్పుకి దూరపు చుట్టం. దాన్ని చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. ఆ కొవ్వుకి అక్కడి పేరు మాంతెకా. 'సిన్ మాంతెకా' అని అడగడం నేర్చుకోవాలి. గోధుమ రొట్టెలోనూ అదే ఉండొచ్చు, మొక్కజొన్న రొట్టెకు సాధారణంగా ఆ బెడద లేదు. 'కార్నె వద్దు' అంటే కోడి తెచ్చిపెట్టేవాళ్ళున్నారు. కార్నె అంటే వాళ్ళ లెక్కలో పెద్ద మాంసం.

అత్తగారు పులిహోర, కంది పొడి, ఆవకాయ కడతానన్నారు. ఇది ఉత్తమ పక్షం. పచ్చి పండ్లు, కూరగాయలు దక్షిణ రాష్ట్రంలోకి అడుగు పెట్టేచోట వ్యవసాయ తనిఖీలో లాగేసుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు అమెరికా వైపు పచ్చి కరివేపాకు రెబ్బ కనబడితే అంతే సంగతులు. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే పురుగుకి కరివేపాకు నివాసమని వాళ్ళ నిషేధం. ఆవకాయలో ఉప్పు తక్కువైందని దారిలో ఎవరైనా గొణిగితే గెర్రెరో నెగ్రో చూపించవచ్చు. సముద్రపు నీళ్ళను ఎండబెట్టి ఉప్పు తీయడంలో ప్రపంచంలోకెల్లా పెద్ద పని అక్కడే నడుస్తోంది, ఊరే ఉప్పు కంపెనీ మీద పుట్టింది. సాన్ ఇగ్నాసియోలో ఖర్జూరం దొరుకుతుంది. 1728లో జెస్యూట్లు మిషన్ పెట్టిన ఊరు. ఎడారి మధ్య ఒక్కసారిగా నీళ్ళూ ఖర్జూర చెట్లూ కనబడతాయి. రాతి చర్చి ఉంది. చూడవచ్చు.

"తిమింగలాలు పడవ దగ్గరికే వస్తాయట, చేత్తో తాకొచ్చట"

టీక: తిమింగలాలు = 'తిమి' అను పెద్ద చేపలను మింగునవి అని పూర్వుల వ్యుత్పత్తి; వస్తాయట = వచ్చునని వినికిడి; తాకొచ్చట = స్పృశింపవచ్చునని వినికిడి.

వ్యుత్పత్తి ఈ జాతికి అతకదు. గ్రే వేల్ పెద్ద చేపల్ని మింగదు. ఉత్తరాన సముద్రం అడుక్కి దిగి, పక్కకి ఒరిగి, బురదను నోటినిండా పీల్చి, పళ్ళకు బదులున్న ఈనెల జల్లెడతో వడగట్టి, బియ్యపు గింజలంత రొయ్యజాతి పురుగుల్ని తింటుంది. చాలా తిమింగలాలు కుడివైపే ఒరుగుతాయి, అందుకే ఆ బుగ్గ మీద అంటుకున్న గుల్లలు తక్కువ. లగూన్లో ఉన్న కాలంలో తల్లి దాదాపు ఉపవాసమే. ఒంటి కొవ్వు కరిగించి పిల్లకు పాలిస్తుంది. ఆ పాలలో సగానికి పైగా వెన్నే.

'అట' అన్న ప్రత్యయం రెండుసార్లు వచ్చింది. కర్త చూడలేదు, విన్నాడు. దీన్ని ఐతిహ్య ప్రమాణం అంటారు. ఈ ఒక్కచోట మాత్రం ఐతిహ్యం నిజం. ఎందుకు నిజమో చెప్పాలంటే వెనక్కి పోవాలి.

ఓహో దె లియెబ్రెకి అమెరికన్ల పటాల్లో ఇంకో పేరుంది, స్కామన్స్ లగూన్. చార్లెస్ మెల్విల్ స్కామన్ అనే తిమింగలాల వేటగాడు 1857 చలికాలంలో ఓడతో ఆ ముఖద్వారం వెతికి పట్టుకుని లోపలికి దూరాడు. లోపల బాలింతలు. పిల్లను పొడిస్తే తల్లి తోకతో పడవలు విరగ్గొట్టేది. ఆ తెగింపు చూసి వేటగాళ్ళు ఈ జాతికి 'డెవిల్ ఫిష్' అని పేరు పెట్టారు. పిల్లను కాపాడుకునేవాళ్ళు దయ్యాలు, చంపేవాళ్ళు వ్యాపారులు. తర్వాత దూరం నుంచి పేలుడు ఈటెలు వేశారు. ఒక ఓడకు దారి తెలిసిందంటే తక్కినవి ఊరుకోవు. గెర్రెరో నెగ్రో అన్న పేరే అక్కడ మునిగిన 'బ్లాక్ వారియర్' అనే వేట ఓడది. కొన్ని చలికాలాల్లోనే లగూన్లు ఖాళీ అయ్యాయి. స్కామన్ తర్వాత కలం పట్టి 1874లో ఆ తీరపు సముద్ర జంతువుల మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో శ్రద్ధ ఉంది, గౌరవం కూడా ఉంది. శాస్త్రం ఆయన్ని మరవలేదు. గ్రే వేల్ ఒంటి మీద తప్ప ఎక్కడా బతకని ఒక పేనుకు సయామస్ స్కామొనై అని ఆయన పేరే పెట్టింది. ఇంతకన్నా చక్కని నిందాస్తుతి నేను చదవలేదు.

గ్రే వేల్ వ్యాపార వేటను 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందం మాన్పించింది. 1972లో మెక్సికో ఓహో దె లియెబ్రెను అభయారణ్యం చేసింది. అదే ఏడాది, అరవై కిలోమీటర్ల మట్టిదారి చివర, సాన్ ఇగ్నాసియో లగూన్లో పచీకో అని అందరూ పిలిచే ఫ్రాన్సిస్కో మయొరాల్ చేపలు పడుతున్నాడు. అప్పటిదాకా జాలర్లకు తిమింగలమంటే హడల్. దగ్గరికి వస్తే తెడ్డుతో పడవను చరిచి తరిమేవాళ్ళు. ఆ రోజు ఒకటి వచ్చి పడవ పక్కన ఆగి ఎంతకీ కదల్లేదు. పచీకో చెయ్యి నీళ్ళలో పెట్టాడు. అది పోలేదు. ఆయన 2013లో పోయాడు. ఆయన ముట్టుకున్న ఆ చోటు చుట్టూనే ఇవాళ అక్కడి జాలరి కుటుంబాల చలికాలపు సంపాదన నడుస్తోంది.

దాన్ని కాపాడుకున్నదీ అంత సులువుగా కాదు. 1993లో యునెస్కో ఆ లగూన్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దశకంలోనే సాన్ ఇగ్నాసియో ఒడ్డున మెక్సికో ప్రభుత్వమూ మిత్సుబిషీ కలిసి ఇంకో పెద్ద ఉప్పు ఫ్యాక్టరీ పెట్టబోయాయి. ఏళ్ళ తరబడి గొడవ జరిగాక 2000 మార్చిలో అధ్యక్షుడు ఎర్నెస్తో సెదీయో ఆ పథకాన్ని రద్దు చేశాడు.

ఇప్పుడు అన్వయం. 'పడవ దగ్గరికే వస్తాయట' అన్న వాక్యానికి కర్త తిమింగలం. 'చేత్తో తాకొచ్చట' అన్నదానికి కర్త మనం అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. అక్కడి నియమం ప్రకారం పడవ తిమింగలాన్ని వెంటాడకూడదు, దారికి అడ్డం పోకూడదు, తల్లికీ పిల్లకీ మధ్య దూరకూడదు. లైసెన్సున్న స్థానిక పడవలే పోవాలి, ఒకేసారి లోపల ఎన్ని ఉండాలో దానికీ లెక్కుంది. లగూన్లో ముఖద్వారానికి దగ్గరి భాగంలోనే తిరగాలి, లోపలి భాగం బాలింతల గది. గంటన్నర సమయం. పాంగా అనే ఆ పడవ తిమింగలం పొడవులో సగం. పడవ నడిపే ఆయన ఒకచోటికి తీసుకెళ్ళి ఇంజను నెమ్మది చేసి వదిలేస్తాడు. ఆ తర్వాత చేయాల్సిందేమీ లేదు. ఇంత దూరం లెక్కలు కట్టి, డ్రమ్ము పెట్రోలు పోయించుకుని, గడియారం మార్చుకుని వచ్చినవాళ్ళం అక్కడ చేతులు కట్టుకుని కూర్చుంటాం. రావాలనుకుంటే అదే వస్తుంది. రాకపోతే దూరంగా నిలువునా తల పైకెత్తి ఒకసారి చూసి మునిగిపోతుంది. డబ్బు వాపసు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

వచ్చినప్పుడు ముందు కనబడేది నీళ్ళ కింద లేతగా ఒక మచ్చల నీడ. తర్వాత దాని ఊపిరి, మొహం మీదికి గోరువెచ్చని తుంపర, చేపల మార్కెట్టును తలపించే వాసన. తల పైకి తేలితే దాని మీద తెల్లటి గుల్లలు పొదిగినట్టుంటాయి, వాటి సందుల్లో నారింజ రంగు పేలు కాళ్ళు కదుపుతుంటాయి. గుల్లలు గరుకు, చెయ్యి గీసుకుపోతుంది. గుల్ల లేని చర్మం మెత్తగా, చల్లగా, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. కళ్ళూ ఊపిరి రంధ్రాలూ ముట్టుకోకూడదు. మా తోడల్లుడు సెల్ఫీ స్టిక్ తెస్తానంటున్నాడు. దానికి ఈ వ్యాఖ్యలో స్థానం లేదు. ఇదంతా వాయిస్ మెసేజీలో వివరిస్తే మామగారు "గోదావరిలో పులస పడాలంటే ఎంత ప్రాప్తముండాలి, దీనికి ఇంకెంతో" అన్నారు. అలా అన్నాక ఆ రోజంతా ఆయన పులస గురించే మాట్లాడారు.

"ఎవరెవరు వస్తున్నారు?"

ఇది శ్లేష. ఒక అర్థం మన గురించి. రెండోది తిమింగలాల గురించి, కర్తకు తెలియకుండానే వచ్చింది. ఒకప్పుడు అంతరించిపోయే స్థితి నుంచి తేరుకుని 1994లో అమెరికా ప్రమాద జాబితా నుంచి బయటపడ్డ జాతి ఇది. 2016లో దాదాపు 27,000 ఉండేవి. 2018 చివరి నుంచి తీరం పొడవునా బక్కచిక్కిన కళేబరాలు కొట్టుకురావడం మొదలైంది. ఉత్తరాన మంచు పలచబడి, సముద్రం అడుగున ఆ రొయ్యజాతి పురుగుల మేత తగ్గడమే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞుల మాట. ఆ చావులు ఆగాయనుకున్నాక కూడా సంఖ్య నిలదొక్కుకోలేదు. 2025 లెక్కలో సుమారు 13,000. ఆ వసంతంలో కాలిఫోర్నియా మీదుగా ఉత్తరానికి వెళ్ళిన పిల్లలు ఎనభై ఐదు అని అంచనా వేశారు. 1994లో పిల్లల లెక్క మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. కాబట్టి సాన్ ఇగ్నాసియోలో బాలింతలు ఎందరుంటారో వెళ్ళే ఏడాదిని బట్టి ఉంటుంది. పడవ బుక్ చేసేటప్పుడు ఆ వారం లెక్క అడిగితే చెబుతారు. పిల్లలు కనబడని ఏడాదైతే ఎలాగని పూర్వపక్షం చేస్తే, అప్పుడూ వెళ్ళాలన్నదే ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. ఎవరూ రాని ఏడాది పడవ నడిపేవాడు మళ్ళీ వలకి పోతాడు, తిమింగలం పట్ల ఊళ్ళో ఉన్న ప్రేమ అంతవరకు అప్పు మీద నడవాల్సి వస్తుంది.

మొదటి అర్థానికి వస్తే, గ్రూపులో ఇంతవరకు వచ్చినవన్నీ బొటనవేళ్ళే. బొటనవేలు 'వస్తాను' అనా, 'చదివాను' అనా అన్నది ఇంకా వివాదాస్పదం. తేదీ మార్చి మొదటి వారానికి జరిపితే మంచిదని నేను రాశాను. కర్త తన వీసా కోసం కాన్సులేటు అపాయింట్‌మెంట్ చూసుకుంటున్నాడని మరదలు రాసింది. మామగారు పడవలో ముందు సీటు తనదేనని వాయిస్ పెట్టారు. అత్తగారు ఒక్క ప్రశ్నే అడిగారు, ఆ పడవలో బాత్‌రూమ్ ఉంటుందా అని. ఉండదమ్మా. ఒడ్డున చూసుకునే ఎక్కాలి.